అడ్రస్ గడి దగ్గర ఆగిన పెన్ను

ఒంగోలు

చి. అమ్మడికి, పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

మీ కాలేజీ పిల్లలంతా కలిసి లక్షన్నర పోగుచేశారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. నెల్లూరులో ఇల్లు లేక బస్టాండులో, స్టేషన్లో తలదాచుకునే మీ ఈడు పిల్లల కోసం ఆ డబ్బు ఎవరికి ఎంత ఇవ్వాలో కూడా మీరే తేల్చుకుంటారట. చాలా సంతోషమైందమ్మా. ఇలాంటి కమిటీల్లో ఏళ్ళ తరబడి కూర్చున్నవాణ్ణి కదా, నాకు తెలిసింది రాస్తున్నాను.

ఒకప్పుడు మేం ఐదుగురం పెద్దవాళ్ళం ఇక్కడే ఒక చిన్న నిధి నడిపాం. సాయం కావాల్సినవాళ్ళ కోసం ఫారాలు అచ్చువేయించాం. ఒకరోజు ఒక కుర్రాడు రేకుపెట్టెతో వచ్చాడు. 18 నిండాయని అనాథాశ్రమం నుంచి పంపేసి పది రోజులైందట. బెంచీ మీద కూర్చుని పేరు రాశాడు, వయసు రాశాడు, చదువు రాశాడు. 'శాశ్వత చిరునామా' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. క్యాప్ పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను, లేచి వెళ్ళి అడగలేదు. మంచినీళ్ళు తాగొస్తానని బయటికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఇల్లు లేనివాళ్ళ కోసం నిధి పెట్టి ఇంటి అడ్రస్ అడిగాం! మా ఐదుగురిలో ఒక్కడైనా బస్టాండులో పడుకుని లేచినవాడై ఉంటే ఆ గడి అచ్చయ్యేది కాదు.

అందుకే ముందుగా చెప్పేది ఇదే. మీ కమిటీలో ఏడుగురుంటే కనీసం ముగ్గురు ఆ బతుకు చూసినవాళ్ళు ఉండాలి. మాట వాళ్ళది, ఓటు మీది అన్నట్టు నడపొద్దు. ఓటు కూడా వాళ్ళకి ఇవ్వండి. హోటల్లో ప్లేట్లు కడిగే పిల్లాడికి ఆదివారమే పని ఎక్కువ, మీటింగుకి వస్తే ఆ రోజు కూలి పోతుంది. ఆ కూలి, ఆటో ఛార్జీ నిధిలోంచే ఇవ్వండి. డబ్బు తీసుకుని కమిటీలో కూర్చోవడమేంటని ఎవరో ఒకరు అంటారు. అననీ.

పిల్లల చేతికి డబ్బిస్తే ఏమవుతుందోనని మీ ఇళ్ళల్లో భయపడితే అమెరికాలోని మిషిగన్ సంగతి చెప్పు. అక్కడ 1990ల నుంచీ హైస్కూలు వయసు పిల్లలే కమిటీలుగా కూర్చుని తమ ఊరి నిధుల్లోంచి గ్రాంట్లు ఇస్తున్నారు. దానికి మొదట్లో పెద్ద ఎత్తున డబ్బు పెట్టింది కెల్లాగ్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ.

ఇక దేనికి ఇవ్వాలి? నన్నడిగితే రూము అడ్వాన్సుకి. ఉద్యోగం దొరికినా కుర్రాడు రోడ్డు మీదే ఉండిపోయేది అక్కడే. ఓనరు రెండు నెలల అడ్వాన్సు అడుగుతాడు. ఆపైన మీదే ఊరు, మీవాళ్ళెవరు, మీరేమిట్లు, అంటే మీ కులమేంటి అంటాడు. ఆశ్రమంలో పెరిగినవాడు వీటిలో దేనికి జవాబు చెప్పగలడు? డబ్బు ఇచ్చి ఊరుకోకుండా మీలో ఒకరు పక్కన నిలబడండి. ఆ అడ్వాన్సు తిరిగి ఇమ్మని మాత్రం అడగొద్దు. రేపు రూము మారేటప్పుడు అతనికి అదే ఆధారం.

తర్వాత కాగితాలు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు ఇళ్ళున్నవాళ్ళ సర్టిఫికెట్లే నీళ్ళపాలయ్యాయి. సంచిలో పెట్టుకుని తిరిగేవాడి టెన్త్ మెమో ఎన్ని వానలకు ఆగుతుంది? డూప్లికేట్ తెప్పించడానికి, ఆధార్‌కి తిరగడానికి, డ్రైవింగ్ లైసెన్సుకి అయ్యేది చిన్న మొత్తమే, అది ఆలస్యం కాకూడదు. వారంలోపు ఇవ్వగలిగేలా కొంత డబ్బు విడిగా ఉంచండి.

ఆడపిల్లల సంగతి నాకంటే నీకే బాగా తెలుస్తుంది. వాళ్ళు బస్టాండులో కనబడరు. స్నేహితురాలి హాస్టల్ గదిలో దొంగచాటుగా వారం, పనికి కుదిరిన ఇంట్లో వంటగది మూల నెల. కనబడలేదు కాబట్టి లేరనుకుని డబ్బంతా మగపిల్లలకే పంచేయకండి.

18 నిండనివాళ్ళ విషయంలో మాత్రం సొంత నిర్ణయాలు వద్దు. జాలిపడి ఎవరింట్లోనూ ఉంచుకోకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి. దిక్కులేకుండా కనబడిన బిడ్డ గురించి 24 గంటల్లోగా కబురు చేయాలని జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది. ఆశ్రమాల నుంచి బయటికొచ్చినవాళ్ళకి 21 ఏళ్ళ దాకా తోడ్పాటు అందించే వీలు కూడా ఆ చట్టంలోనే ఉంది. ఈ ముక్క ఆ పిల్లల్లో చాలామందికి ఎవరూ చెప్పరు. జిల్లా బాలల సంరక్షణ విభాగానికి మీరే వెంటబెట్టుకుని వెళ్ళండి. అక్కడ వచ్చేదానికి మీ నిధి ఖర్చు కానక్కర్లేదు.

ఖాతాలో ఇద్దరి సంతకాలు ఉండాలి. అమెరికాలో ఉన్న మీ మామయ్య పంపుతానన్నాడట కదా, ఇండియా పాస్‌పోర్టే ఉందా, అక్కడి పౌరసత్వం వచ్చిందా ముందు కనుక్కో. వచ్చి ఉంటే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా రూపాయి కూడా తీసుకోకూడదు. ఆడిటరుతో ఒక్కసారి మాట్లాడండి.

అడిగినవాళ్ళందరికీ ఇవ్వలేరు. లేదని చెప్పాల్సినప్పుడు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టొద్దు. ఎదురుగా కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఎందుకు కుదరలేదో చెప్పండి. మీ స్నేహితుల్లో ఎవరికైనా తెలిసినవాళ్ళు అడగడానికి వస్తే, ఆ స్నేహితుణ్ణి ఆ కాసేపు బయట కూర్చోమనండి. చెక్కు ఇస్తూ ఫొటోలు తీసి ఇన్‌స్టాలో పెట్టకండమ్మా. రేపు ఆ కుర్రాడు రూము అడిగిన ఓనరు ఫోన్లో అది కనబడొచ్చు.

మొదటి మీటింగుకి నన్ను కూడా రమ్మన్నావని మీ నాన్న చెప్పాడు. వస్తాను, వెనక కూర్చుంటాను, అడిగితేనే మాట్లాడతాను. పొద్దున పెట్టాలో రాత్రి షాపులు మూసేశాక పెట్టాలో ఆ ముగ్గురినే అడిగి నాకు ఫోన్ చెయ్యి. పొద్దున అంటే పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీసుకుంటాను. రాత్రి అయితే మీ ఇంట్లోనే పడుకుని తెల్లారి బయల్దేరతాను.

మీ పెదనాన్న