అమ్మాయితో స్నేహం గురించి నువ్వు అడిగినదానికి

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. "ఇరవై నాలుగేళ్ల కూతురితో ఫ్రెండ్‌లా ఉండాలని ఎంత ప్రయత్నిస్తున్నా తను ఇంకా దూరమైపోతోంది అక్కా, అసలు తల్లీకూతుళ్లు స్నేహితులు కాగలరా?" అని అడిగావు. వెంటనే ఫోన్ చేసి ధైర్యం చెబుదామనుకున్నాను. కానీ ఇది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. నా పిల్లలిద్దరూ నలభైకి దగ్గర పడ్డారు. ఈ విషయంలో వాళ్ల దగ్గర నేను చేసిన పొరపాట్లు దాచుకుని నీకు సలహా చెప్పడం న్యాయం కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

ముందు నా జవాబు చెప్పేస్తాను. అమ్మాయితో స్నేహంగా ఉండగలవు. తన స్నేహితురాళ్లలో ఒకరివి మాత్రం కాలేవు, కావాలని ప్రయత్నించకు కూడా. మన పెద్దవాళ్లు చెప్పే శ్లోకం ఒకటుంది కదా, ఐదేళ్ల దాకా లాలించాలి, ఆపైన పదేళ్లు దండించాలి, పదహారో ఏడు వచ్చాక కొడుకుతో మిత్రుడిలా మెలగాలి అని. కొట్టి పెంచడాన్ని నేను ఏనాడూ ఒప్పుకోలేదు. పైగా అందులో కూతురి ఊసే లేదు. అయినా చివర్లో "మిత్రవత్" అన్న మాట ఉంది చూశావా, దాన్ని మాత్రం గట్టిగా పట్టుకున్నాను. మిత్రుడివి అయిపొమ్మని అనలేదు, మిత్రుడిలా మసలుకోమన్నారు. తల్లి స్థానం ఖాళీ చెయ్యమని ఎవరూ అడగడం లేదు. అక్కడే ఉండి, స్నేహితులు చేసే పని ఒకటి మనం నేర్చుకోవాలి.

ఆ పనేమిటో నాకు మా అబ్బాయి వల్ల తెలిసింది.

అప్పటికి వాడికి ఇరవై ఏడేళ్లు. వేరే ఊళ్లో ఉద్యోగం. వారానికి రెండు మూడుసార్లు మాట్లాడుకునేవాళ్లం, నవ్వుకునేవాళ్లం. నా కొడుకు నా దగ్గర ఏదీ దాచడని అందరితో అనేదాన్ని. ఒకరోజు వాడి స్నేహితుడి తల్లి ఫోన్ చేసి, "పాపం, అబ్బాయికి ఉద్యోగం పోయి మూడు నెలలైందట కదా, ఇంకెక్కడైనా దొరికిందా?" అంది. నాకు నోట మాట రాలేదు. ఆ మూడు నెలల్లో తక్కువలో తక్కువ పాతిక సార్లు మాట్లాడుకుని ఉంటాం. ప్రతిసారీ "ఆఫీసు ఎలా ఉందిరా" అని అడిగాను. ప్రతిసారీ "బానే ఉందమ్మా" అన్నాడు.

వాడు ఇంటికొచ్చినప్పుడు అడిగాను. కోప్పడలేదు, ఏడుపు గొంతుతో అడిగాను. వాడు చేతిలో ఉన్న తాళాల గుత్తిని, ఒక్కో తాళం లెక్కపెడుతున్నట్టు తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు. చివరికి, "నా టెన్షన్ నేను మోసుకోగలనమ్మా. నీకు చెబితే నీ టెన్షన్ కూడా నేనే మోయాలి" అన్నాడు.

వాడన్నది అక్షరాలా నిజం. చిన్నప్పటి నుంచి వాడు ఏ కష్టం చెప్పినా ముందు గుండె పట్టుకునేది నేనే. ఆ రాత్రి నిద్రపోయేదాన్ని కాదు. తెల్లారేసరికి నాలుగు ఉపాయాలు, మధ్యాహ్నానికి ఇంకో రెండు. అదంతా ప్రేమతోనే చేశాను. కానీ తన కష్టం సంగతి పక్కనపెట్టి నన్ను ఊరడించడం వాడికి ఇంకో పని అయింది. అదే వాడి స్నేహితుడైతే "అయ్యో, ఎప్పుడురా? సరే రా, కలుద్దాం" అని ఉంటాడు, అంతే. వాడికంటే నాకు ప్రేమ తక్కువా? కాదు. భయం ఎక్కువ. భయపడకుండా వినగలగడమే స్నేహితుల దగ్గర ఉన్నది, మన దగ్గర లేనిది.

నేను కాలేజీలో సైకాలజీ చెప్పినదాన్నని నీకు తెలుసు. 1971లో వెర్న్ బెంగ్ట్‌సన్, జోసెఫ్ కైపర్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ విషయం మీద ఒక వివరణ ఇచ్చారు. మీ ఇద్దరి మధ్య ఎంత దగ్గరితనం ఉందని విడివిడిగా అడిగితే తల్లిదండ్రులు ఎక్కువ చెబుతారు, ఎదిగిన పిల్లలు తక్కువ చెబుతారు. పిల్లలకు ప్రేమ తక్కువై కాదు. మనం పిల్లల్లో మన జీవితానికి కొనసాగింపు చూసుకుంటాం. వాళ్లకేమో మన నుంచి విడిగా నిలబడాల్సిన అవసరం ఉంటుంది. అందుకే ఒకే బంధం రెండు వైపుల నుంచీ రెండు రకాలుగా కనబడుతుంది. ఈ పాఠం ఏళ్ల తరబడి చెప్పాను కానీ, మా అబ్బాయి తాళాలు తిప్పుతూ కూర్చున్న రోజునే నాకది ఒంటబట్టింది. కాబట్టి నువ్వు ఆశించినంత దగ్గరగా అమ్మాయి లేదని నీ పెంపకంలో తప్పులు వెతుక్కుంటూ కూర్చోకు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. తను ఏదైనా చెప్పడం మొదలుపెడితే, ఆ మాట పూర్తయ్యేదాకా నీ భయాన్ని నీ దగ్గరే ఉంచుకో. ముఖం మారనివ్వకు. పిల్లలు చిన్నప్పటి నుంచీ మన ముఖం చదువుతూ పెరిగినవాళ్లు, కనుబొమ్మ కదిలినా పట్టేస్తారు. తను ఆగాక, "ఇప్పుడు నేను వింటే చాలా, ఏమైనా చెప్పమంటావా?" అని అడుగు. మొదట్లో ఆ ప్రశ్న నీ నోటికే కొత్తగా అనిపిస్తుంది. నేను మొదటిసారి అడిగినప్పుడు మా అబ్బాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "వింటే చాలమ్మా" అన్నాడు. ఆ రోజు గంటకు పైగా మాట్లాడాడు. నీ భయం కూడా ఎక్కడో ఒకచోట దింపుకోవాలి, కాదనను. మీ ఆయనతో చెప్పుకో, నాతో చెప్పుకో, రాత్రి పన్నెండింటికైనా ఫోన్ చెయ్యి. తన మీద మాత్రం పెట్టకు.

నీకు అభిప్రాయం ఉంటే దాచుకోనక్కర్లేదు. ఒకసారి, సూటిగా, కారణంతో సహా చెప్పు. తను విన్నదని నీకు తెలుస్తుంది. విన్నాక కూడా తన దారినే వెళితే, దాన్ని నీకు జరిగిన అవమానంగా తీసుకోకు.

ఇక్కడే మనం "నీ ఇష్టం" అనే మాట వాడతాం. ఆ మాట గురించి నీతో గట్టిగా చెప్పాలి. మన ఇళ్లల్లో "నీ ఇష్టం" అంటే రెండు అర్థాలు. ఒకటి, నిర్ణయం నీది, నేను ఒప్పుకుంటున్నాను అని. రెండోది, చెప్పినా వినవు కదా, రేపు ఏమైనా అయితే నా దగ్గరికి రాకు అని. అక్షరాలు అవే, గొంతే వేరు. మనం మొదటి అర్థంలో అన్నామనుకుంటాం, పిల్లలకు రెండోదే వినబడుతుంది, ఎందుకంటే ఏళ్ల తరబడి మనం దాన్ని అలాగే వాడాం. మా అమ్మాయి ఒకసారి "నువ్వు 'నీ ఇష్టం' అన్న రోజు నాకు కడుపులో తిప్పుతుందమ్మా" అంది. అప్పటి నుంచి ఆ మాట మానేశాను. దానికి బదులు, "నేనైతే అలా చెయ్యను, కానీ నువ్వు ఆలోచించే చేస్తున్నావని తెలుసు. ఎలా జరిగినా నేనున్నాను" అంటాను. కాస్త పొడుగు మాటే. అయినా ఫోన్ పెట్టేశాక మళ్లీ రెండో రోజు తనే చేస్తుంది.

స్నేహం పేరుతో నేను చేసిన ఇంకో తప్పు చెప్పాలి, ఇది రాయడం నాకు తేలిక కాదు. మా అమ్మాయికి ఇరవై దాటాక, ఇక పెద్దదైంది కదా, నాకో తోడు దొరికిందనుకున్నాను. మా ఆయనతో వచ్చిన ప్రతి గొడవా దానికి చెప్పేదాన్ని. ఆయన ఏమన్నాడు, నేను ఎంత ఓర్చుకున్నాను, అన్నీ. అదీ శ్రద్ధగా వినేది, నా పక్షాన మాట్లాడేది. నాకు చాలా తేలిగ్గా ఉండేది. కొన్నాళ్లకు గమనించాను, ఆయన గదిలోకి రాగానే అది ఫోన్ చేతిలోకి తీసుకుని లేచి వెళ్లిపోయేది. ఒక సాయంత్రం ఆయన దానికోసం న్యూస్‌పేపర్‌లో ఏదో ఉన్న పేజీ మడిచి దాచి, చూపిద్దామని చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. అది చూడనట్టే పక్క నుంచి దాటి వెళ్లింది. ఆయన ఆ పేపర్ అలాగే మళ్లీ మడిచి బల్ల మీద పెట్టాడు. గొడవ మా ఇద్దరిదీ, తండ్రిని పోగొట్టుకుంటున్నది మాత్రం అది.

స్నేహితురాలికి నా భర్త గురించి చెబితే ఆమె విని ఇంటికి వెళ్లిపోతుంది. కూతురికి ఆ భర్తే నాన్న, అది ఎక్కడికి వెళ్తుంది? ఆ తర్వాత దాన్ని కూర్చోబెట్టి, "నేను చెప్పకూడనివి నీకు చెప్పాను, నన్ను క్షమించు. మీ నాన్నతో నీ సంబంధం నీది" అన్నాను. వాళ్లిద్దరూ మళ్లీ మామూలుగా మాట్లాడుకోవడానికి రెండేళ్లు పట్టింది. నువ్వు మీ ఆయన మీద ఫిర్యాదులు అమ్మాయికి చెబుతున్నావేమో నాకు తెలియదు. చెబుతుంటే ఇవాళే ఆపెయ్.

అలాగని నీ గురించి ఏమీ చెప్పకుండా ఉండమనడం లేదు. బరువు దించుకోవడం వేరు, నువ్వు ఎవరివో తెలియనివ్వడం వేరు. తన వయసులో నువ్వు ఎలా ఉండేదానివో అమ్మాయికి ఏం తెలుసు? ఎక్కడ ఓడిపోయావు, ఏ నిర్ణయం తప్పయింది, దేనికి సిగ్గుపడ్డావు, ఇవి చెప్పు. పాఠంలా చెప్పకు, గుర్తొచ్చినప్పుడు చెప్పు. తనకు బాగా తెలిసిన విషయంలో నిజంగా సాయం అడుగు కూడా. మా అమ్మాయి దగ్గర నేను కొత్త పని నేర్చుకున్న రోజుల్లోనే అది నాతో ఎక్కువ మాట్లాడింది. ఇద్దరి చూపూ చేతుల్లోని పని మీద ఉన్నప్పుడు కష్టమైన మాటలు వాటంతటవే వస్తాయి.

నీ ఉత్తరంలో ఇంకో సంగతి చూశాను. తను ఎక్కడుందో ఫోన్‌లో లొకేషన్ చూసుకుంటున్నానని, ఫొటోలకు వెంటనే కామెంట్ పెడుతున్నానని రాశావు. లొకేషన్ తనంతట తను ఇస్తే తప్ప చూడకు. ఇచ్చినా రోజూ చూడకు. ఎక్కడున్నావ్, ఎవరితో ఉన్నావ్, ఇంకా ఇంటికి చేరలేదేం అనే మూడు ప్రశ్నలతో మాట మొదలైతే అది విచారణ అవుతుంది. డబ్బు విషయంలోనూ అంతే. ఇస్తే అప్పో, కానుకో ఇచ్చేటప్పుడే చెప్పు. తర్వాత వేరే మాటల మధ్యలోకి దాన్ని లాగకు.

తను ఒకరోజు "నేను చూసుకుంటాలే" అంటుందనీ, మర్నాడే ఏడుస్తూ ఫోన్ చేస్తుందనీ బాధపడ్డావు. జెఫ్రీ ఆర్నెట్ అనే సైకాలజిస్టు 2000లో, పద్దెనిమిది నుంచి పాతికేళ్ల మధ్య వయసును ఒక ప్రత్యేక దశగా చూడాలన్నాడు. కౌమారం దాటింది, పెద్దరికం పూర్తిగా రాలేదు, ఆ రెండిటికీ మధ్య. అమ్మాయి ఇంకా ఆ గుమ్మంలోనే ఉంది. ఏడ్చిన రోజున "నిన్న చూసుకుంటానన్నావు కదా" అని మాత్రం అనకు.

స్నేహం పక్కనపెట్టి తల్లిగా నిలబడాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ఎవరైనా తనను కొడుతున్నారని, బెదిరిస్తున్నారని తెలిసినా, మత్తుకు అలవాటు పడుతోందని అనుమానం వచ్చినా, బతకాలని లేదన్న మాట నోట వచ్చినా, ఇక వినడంతో ఆగకు. కోపం వస్తే రానీ. సూటిగా అడుగు, పక్కన ఉండు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. స్నేహితులైతే రహస్యం దాచిపెడతామని మాట ఇస్తారు. ఇలాంటప్పుడు నువ్వు ఆ మాట ఇవ్వకు.

వచ్చే ఆదివారం అమ్మాయి వస్తోందని రాశావు. పోయినసారి జరిగిన గొడవ గురించి ఎలా మాట్లాడాలని అడిగావు. తను బ్యాగ్ దించి, ముఖం కడుక్కుని, తన గదిలోకి వెళ్లి వచ్చేదాకా ఏమీ అడగకు. గొడవ సంగతి నువ్వే ఎత్తు, కానీ తన తప్పుతో మొదలుపెట్టకు. "ఆ రోజు నేను నీ మాట పూర్తిగా వినలేదు" అని, అంతవరకే అని, ఆగు. తర్వాత ఎంత నిశ్శబ్దం వచ్చినా నువ్వు నింపకు. తను మాట్లాడొచ్చు, మాట్లాడకపోవచ్చు. మాట్లాడకపోతే ఈ ప్రయాణానికి అంతటితో చాలు, మళ్లీ వచ్చినప్పుడు చూద్దువు.

తను తిరిగి వెళ్లాక నాకు ఫోన్ చెయ్యి. ఏం జరిగిందో చెబుదువుగాని, వింటాను.

మీ అక్క