స్టైల్ లేదని పోర్ట్‌ఫోలియో ఆపొద్దు

ప్రశ్న: హైదరాబాద్‌లో బీఎఫ్ఏ అప్లైడ్ ఆర్ట్ మూడో సంవత్సరం చదువుతున్నాను. నా పనులన్నీ పక్కపక్కన పెడితే పదిమంది చేసినట్టు ఉంటాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరి పని నచ్చితే కొన్నాళ్లు వాళ్లలాగే గీస్తున్నాను. నీకంటూ ఒక స్టైల్ లేదని సీనియర్లు అంటున్నారు. వచ్చే ఏడాదే ప్లేస్‌మెంట్లు. ఏం చేయాలి?

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకో అమ్మా. మూడో సంవత్సరంలో పని ఇలాగే ఉంటుంది. ఇప్పటికే స్టైల్ కుదిరిపోయిందని చెప్పుకునేవాళ్ల బొమ్మలు కాస్త పరీక్షగా చూడు, చాలావరకు ఎవరో ఒక్కరి దగ్గర్నుంచి ఎత్తుకొచ్చినవే ఉంటాయి.

చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మని సంతకం చూడకుండానే గుర్తుపడతాం కదా, ఆ ముదురు ఒంటిరంగు, పెద్ద బొట్టు, ఎర్రటి చీర. ఆయన కూడా హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివి, బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నవారే. ఇంత చదివాక ఆయన వేసింది మాత్రం పాత కరీంనగర్ జిల్లా పల్లెల్లో చిన్నప్పటి నుంచి చూసిన ఆడవాళ్లని, అదీ ఏళ్ల తరబడి. ఆ బొట్టూ చీరా తీసుకుని పోస్టర్ల మీద వాడేసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, ఒకే మనుషుల్ని అంతకాలం చూసే ఓపికే ఎవరికీ ఉండదు.

రెండోది పనిముట్టు. శ్రీకాళహస్తి కలంకారీలో వెదురు పుల్లకు గుడ్డ చుట్టి, బెల్లం, ఇనుపముక్కలు ఊరబెట్టిన నల్లరంగులో ముంచి గీస్తారు. ఆ గీతకు ఆ అందం సగం ఆ కలం వల్లే వచ్చింది. నీ ట్యాబ్‌లో వందల బ్రష్‌లుంటాయి, రోజుకొకటి మారుస్తుంటే చెయ్యి దేనికీ అలవాటు పడదు. అందుకే ఈ సెమిస్టర్ అంతా ఒకే బ్రష్, రెండు రంగులు, ఒకే విషయం పెట్టుకో. మీ వీధిలో షాపులు కావచ్చు, ఎంజీబీఎస్‌లో బస్సు కోసం కూర్చున్నవాళ్లు కావచ్చు. మధ్యలో విసుగొస్తుంది, ఆ విసుగు దాటాక వేసినవే నాకు పంపించు.

ఇంకో మాట, తెలుగు అక్షరాలు గీస్తున్నావా? మీ బ్యాచ్‌లో లెటరింగ్ అంటే అందరూ ఇంగ్లిషు అక్షరాలే పట్టుకుంటారు. బాపు గారి చేతిరాత ఫాంటుగా మారి ఇప్పటికీ పెళ్లి శుభలేఖల మీద కనిపిస్తోంది. నువ్వు ఒక కాగితం నిండా 'క' రాసి తలకట్లు మాత్రమే చూడు. కొందరికి అది టిక్కు మార్కులా పైకి లేస్తుంది, కొందరికి అక్షరానికి అంటుకుపోతుంది, కొందరికి విడిగా గాల్లో ఉంటుంది. ఆలోచించకుండా నీ చెయ్యి ఏం చేస్తోందో అది నీదే, అక్కడినుంచి మొదలుపెట్టు.

కాపీ కొట్టడం తప్పా అంటే, నేర్చుకోవడానికి కొట్టు, తప్పులేదు. కానీ నచ్చిన పనిలో సరిగ్గా ఏది నచ్చిందో ఒక్క వాక్యంలో రాసుకో: గీత మందమా, వదిలేసిన ఖాళీనా, రంగుల జోడీనా. ఆ ఒక్కటే తీసుకో, మిగతాది వదిలెయ్. ఆ ప్రాక్టీసు పనులు మాత్రం నీవిగా పోర్ట్‌ఫోలియోలో పెట్టకు, చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

ఇక ఉద్యోగం సంగతి. ఇలస్ట్రేటర్‌గా ఫ్రీలాన్స్ చేయాలనుకుంటే స్టైల్ చూసే పిలుస్తారు. యాడ్ ఏజెన్సీకో, బ్రాండింగ్ స్టూడియోకో, యూఐ (యాప్ స్క్రీన్ల డిజైన్) పనికో వెళ్తే లెక్క వేరు, పొద్దున పచ్చళ్ల ప్యాకెట్టు, మధ్యాహ్నం ఆస్పత్రి యాప్ చేయాల్సి ఉంటుంది. అక్కడ నీ పనులు పది రకాలుగా ఉండటం పనికొచ్చే విషయమే. వైకుంఠం గారు కూడా సినిమాలకు కళాదర్శకత్వం చేసి జాతీయ అవార్డు తీసుకున్నారు, బొమ్మల స్టైల్ దానికేం అడ్డు రాలేదు.

పోర్ట్‌ఫోలియోలో ఓ ఎనిమిది పనులు చాలు. ఆరు క్లయింటు తరహావి, ఒక్కోదానికి రఫ్ స్కెచ్‌లు, పక్కన పడేసిన ఆప్షన్లు, ఎందుకు పడేశావో రెండు ముక్కలు. మిగతా రెండూ ఈ సెమిస్టర్‌లో ఒకే బ్రష్‌తో చేసినవి పెట్టు. ఫస్టియర్ అసైన్‌మెంట్లు ఎంత మార్కులొచ్చినా సరే తీసెయ్.