పోర్టల్ సంగతి తర్వాత, ముందు కోచ్‌తో మాట్లాడమనండి

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. మా అబ్బాయి డివిజన్-1 (అమెరికా కాలేజీ ఆటల్లో పై స్థాయి) కాలేజీలో మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతూ బేస్‌బాల్ జట్టులో పిచర్‌గా (బంతి విసిరేవాడిగా) ఉన్నాడు. మొదటి సీజన్ మొత్తంలో 9 ఇన్నింగ్సే (ఒక పూర్తి మ్యాచ్ అంత) ఇచ్చారు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల ఆన్‌లైన్ జాబితాలో) పేరు పెడతానంటున్నాడు. ఒప్పుకోమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. మొదటి ఏడాది పిచర్‌కి 9 ఇన్నింగ్స్ అంటే మరీ టెన్షన్ పడాల్సిన విషయం కాదు. వారాంతపు సిరీస్‌లో స్టార్టర్లు (మ్యాచ్ మొదటి నుంచీ బంతి వేసే పిచర్లు) ముగ్గురే, ఆ చోట్లు ఎక్కువగా సీనియర్లవే. కొత్త కుర్రాళ్లకు సాధారణంగా దొరికేది మంగళవారం మ్యాచ్‌లు. అందుకే ఎన్ని ఇన్నింగ్స్ అని లెక్కపెట్టేకన్నా, మ్యాచ్‌లోకి ఎప్పుడు దించారో చూడండి. పది పరుగులు వెనకబడ్డాకా? లేక ఒక్క పరుగు తేడా ఉండి, బేస్‌ల మీద రన్నర్లున్నప్పుడు నమ్మి బంతి చేతికిచ్చారా? రెండోదైతే నేను కదలొద్దంటాను.

సీజన్ అయ్యాక కోచ్‌తో విడిగా కూర్చునే అవకాశం ఉంటుంది. అక్కడ ‘నాకెందుకు చాన్స్ ఇవ్వలేదు’ అనొద్దు. ‘వచ్చే ఏడాది స్టార్టర్ కావాలంటే నాలో ఏం మారాలి’ అని అడగమనండి. ‘ఎడమచేతి బ్యాటర్ల మీద నీ ఛేంజప్ (వేగం తగ్గించి వేసే బంతి) పారడం లేదు, మొదటి బంతి స్ట్రైక్ పడటం లేదు’ అని విడమరిచి చెప్పారంటే అక్కడ నేర్పేవాళ్లు ఉన్నట్టే. ‘కష్టపడు, చూద్దాం’ అని పంపేస్తే అప్పుడు పోర్టల్ గురించి మాట్లాడుకుందాం.

మీవాడు మేజర్ లీగ్ పిచర్ పాల్ స్కీన్స్ పేరు చెప్పే ఉంటాడు. ఎయిర్ ఫోర్స్ అకాడమీ నుంచి 2022లో ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మారాడు, 2023లో జాతీయ టైటిల్ గెలిచాడు, అదే ఏడాది ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ అయ్యాడు. అంతా నిజమే. కానీ అతను బెంచీ మీద కూర్చుని విసిగి వెళ్లలేదు. పాత జట్టులో పిచింగ్, క్యాచింగ్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టడం) రెండూ చేసిన స్టార్. మీవాడి పరిస్థితి వేరు.

చదువులో అర్హత ఉంటే ఎన్నిసార్లు మారినా ఏడాది పాటు ఆట మానుకోవాల్సిన పని 2024 నుంచి లేదు. అయితే పోర్టల్‌లో పేరు పడ్డాక ఇప్పటి కాలేజీ స్కాలర్‌షిప్ ఆపేయవచ్చు. పైగా ఆటగాళ్లకు కాలేజీలే నేరుగా డబ్బు ఇవ్వొచ్చంటూ 2025లో కోర్టు ఆమోదించిన సెటిల్‌మెంట్‌లో చేరిన కాలేజీల్లో బేస్‌బాల్ జట్టుకి 34 మందే పరిమితి. ఇంజినీరింగ్ క్రెడిట్లు కొత్తచోట డిగ్రీకి లెక్కకొస్తాయో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. అవి పోతే ఆడే అర్హతకే ఎసరు.

మారక తప్పదనుకుంటే పెద్ద పేరు వెంట పడకుండా, నిజంగా బంతి ఇచ్చే డివిజన్-2 (డివిజన్-1 కింది స్థాయి) లేదా జూనియర్ కాలేజీ (అమెరికాలో రెండేళ్ల కాలేజీ) చూడండి. పిలిచిన కోచ్‌ని ‘పోర్టల్ నుంచి ఇంకెంతమంది పిచర్లను తీసుకుంటున్నారు’ అని మొహమాటం లేకుండా అడగండి. ఈలోగా ఈ వేసవికి ఏదైనా సమ్మర్ లీగ్‌లో చోటు చూపించమని ఇప్పటి కోచ్‌నే అడగమనండి.