పక్కగాలిలో వెనుకబడటం గురించి – సమాధానం

అమలాపురం నుంచి అంతర్వేది వైపు జట్టుతో సైకిల్ తొక్కేటప్పుడు కొబ్బరితోటలు ముగిసి వరిచేలు మొదలయ్యే చోట ప్రతిసారీ వెనుకబడుతున్నానని, ఆపై మనసు విరిగి ఆగిపోతున్నానని మీరు రాశారు. నా అభిప్రాయంలో లోపం మీ కాళ్లలో కన్నా మీరు ఉండే స్థానంలోనే ఉంది. సముద్రపు గాలి ఎడమ నుంచి కొడుతున్నప్పుడు ముందున్నవారికి సరిగ్గా వెనుక ఉంటే గాలి నుంచి చాటు దొరకదు. కొద్దిగా కుడికి జరిగి, మీ ముందు చక్రం వారి వెనుక చక్రం పక్కకు వచ్చేలా ఉంటేనే దొరుకుతుంది. అలా ఏటవాలుగా నిలిచే వరుసలో చోటు కొందరికే ఉంటుంది కనుక, తోట దాటకముందే ముందుకు చేరండి. బస్సులు తిరిగే దారిలో మాత్రం ఇద్దరికి మించి ఇలా తొక్కకూడదు.

2020 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం ఏడో దశలో, లావోర్ పట్టణానికి వెళ్లే దారిలో, స్లొవేనియా సైక్లిస్టు తదేయ్ పొగాచర్ కూడా పక్కగాలికి చిక్కి 1 నిమిషం 21 సెకన్లు కోల్పోయాడు. అయినా మర్నాడే పిరనీస్ కొండల్లో దాడికి దిగి కొంత సమయం రాబట్టుకున్నాడు. చివరకు 59 సెకన్ల తేడాతో టూర్ గెలిచాడు. కాబట్టి వెనుకబడినా మనసు విరగనివ్వకండి. జట్టు చేజారగానే ఒంటరిగా తరమకుండా, వెనుక వచ్చేవారి కోసం కాస్త నెమ్మదించి, వారితో వంతులవారీగా గాలిని పంచుకుంటూ గమ్యం చేరండి.