గ్యాలరీ కోసం ఆగాలా, వీడియో ఆర్ట్ ఆన్‌లైన్‌లో పెట్టేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: ఫైన్ ఆర్ట్స్ పూర్తయింది, వీడియోలు చేస్తున్నారు, చేతిలో ఒక మూడు నిమిషాల యానిమేషన్, ఒక రెండు గోడల ప్రొజెక్షన్ (రెండు గోడల మీద ఒకేసారి నడిచే వీడియో) ఉన్నాయి, గ్యాలరీలకు మెయిల్ పెడితే జవాబు రావట్లేదు, పోనీ యూట్యూబ్‌లో పెట్టేద్దామంటే రేపు ఎవరూ కొనరేమో, మిమ్మల్ని ఆర్టిస్టుగా లెక్కచెయ్యరేమో అని టెన్షన్. నా జవాబు ముందే చెప్పేస్తా. యానిమేషన్ పెట్టేయండి, ప్రొజెక్షన్ పెట్టకండి. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది.

నేను ఎక్కువగా పనిచేసింది చీరాల దగ్గర చినగంజాం ఉప్పు మళ్ళలో. ఎండకి మడిలో నీళ్ళు ఆవిరైపోయి ఉప్పు పేరుకోవడం, దాన్ని కర్రకి బిగించిన చెక్కతో గట్టు దాకా లాగడం, కుప్ప పోయడం, ఇదంతా కెమెరా కదపకుండా పెద్ద పెద్ద షాట్లుగా తీసిన వీడియో ఒకటుంది. కథ లేదు, వెనక మాటలు లేవు. హైదరాబాద్‌లో ఒక గ్రూప్ షోలో దానికి చోటిచ్చారు. చోటంటే ఏముంది, తెల్ల గోడ, పైన లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి (పక్కన పెయింటింగ్‌కి వెలుతురు కావాలట), గోడకి మేకు కొట్టి ఒకే ఒక్క హెడ్‌ఫోన్. ఓపెనింగ్ సాయంత్రం జనం బాగానే వచ్చారు. సమోసా ప్లేటు పట్టుకుని వచ్చి, ప్రొజెక్టర్ వెలుగు మొహం మీద పడేట్టు నిలబడి సెల్ఫీ దిగి, పక్క గదిలోకి వెళ్ళిపోయారు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాళ్ళే తక్కువ, పెట్టుకున్నా కాసేపే. వాళ్ళని ఏమనగలం, అక్కడ కూర్చోడానికి స్టూలు కూడా లేదు.

అదే వీడియో తర్వాత ఆన్‌లైన్‌లో పెట్టాను. మొదట చూసింది నా ఫ్రెండ్సే, లైక్ కొట్టి వెళ్ళిపోయారు, చూశారో లేదో దేవుడికే తెలియాలి. కొన్నాళ్ళకి ఎవరో లింకు తీసుకెళ్ళి ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళుండే వాట్సాప్ గ్రూపులో వేశారు. ఒక రాత్రి కామెంట్ వచ్చింది: "బ్రో, ఎడమ పక్క గట్టు కారుతోంది కదా, ఎవరూ చూసుకోలేదా?" వెనక్కి తిప్పి చూస్తే నిజమే, ఫ్రేములో ఎడమ మూల మట్టి తడిసి సన్నగా నీళ్ళు జారుతున్నాయి. ఎడిటింగ్‌లో నేను లెక్కలేనన్నిసార్లు చూసిన షాట్ అది, నాకు అక్కడ కనపడింది ఎండలో ఒక మెరుపు మాత్రమే. ఆ కామెంట్ కింద ఇంకొకాయన దుబాయ్ నుంచి, అలా కారితే మడిలో నీటి చిక్కదనం చెడిపోతుందని, ఉప్పు గింజ సరిగా కట్టదని రాశాడు. ఇంకొకరు కాదన్నారు. వాదన సాగింది. గ్యాలరీలో ఏ విమర్శకుడూ ఆ షాట్‌ని అంత దగ్గరగా చూడలేదు.

అలాగని ఆన్‌లైన్ అంటే స్వర్గమని చెప్పట్లేదు. యూట్యూబ్ స్టూడియోలో ఎవరు ఎక్కడిదాకా చూశారో చూపించే గ్రాఫ్ ఒకటుంటుంది, నెమ్మదిగా నడిచే వీడియోకి అది మొదటి అర నిమిషంలోనే జారుడు బల్లలా కిందికి పోతుంది. చాలామంది ఫోన్ చూసేది బస్సులో, సౌండ్ ఆపేసి. మీ సౌండ్ డిజైన్ సగం అక్కడే పోయినట్టు. గ్యాలరీలోనూ జనం నిలబడట్లేదు, ఫోన్‌లోనూ నిలబడట్లేదు, అయితే ఫోన్‌లో చివరిదాకా ఉండే ఆ కొద్దిమంది ఎవరన్నదే తేడా. నేను తీసిన పని ఎవరి బతుకు గురించో వాళ్ళు బంజారాహిల్స్‌కి వచ్చి షో చూడరు కదా.

ఇంకో మాట, "ఆన్‌లైన్‌లో పెట్టేవాళ్ళు గ్యాలరీలో చోటు దొరకనివాళ్ళు" అనే అభిప్రాయం మీ కాలేజీలో కూడా ఉండే ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. నళినీ మలానీ సంగతి చూడండి. 1946లో పుట్టిన ఆవిడ, మన దేశంలో వీడియో ఆర్ట్ అనగానే ముందు వినపడే పేరు, ఐప్యాడ్ మీద వేలితో బొమ్మలు గీసి చిన్న చిన్న యానిమేషన్లు చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేవారు. ఆవిడకి గ్యాలరీలు దొరకక కాదు కదా! అలాంటి 88 యానిమేషన్లే 2020లో లండన్ వైట్‌చాపెల్ గ్యాలరీలో తొమ్మిది ప్రొజెక్షన్లుగా గోడలంతా పరుచుకున్నాయి, ఒకదాని మీద ఒకటి పడుతూ. నన్నడిగితే ఆ రెండూ వేరు వేరు పనులే. ఫోన్‌లో ఒక్కొక్కటీ చూస్తే మనిషి కోపంలో రాసుకున్న డైరీ పేజీలా ఉంటుంది, ఆ గదిలో వాటి మధ్య నడవాలి.

ఈ ఆలోచన ఇంటర్నెట్‌తో మొదలైంది కూడా కాదు. జర్మనీలో గెర్రీ షుమ్ అనే ఆయన గోడలే లేని "టీవీ గ్యాలరీ" పెట్టాడు. 1969 ఏప్రిల్‌లో ల్యాండ్ ఆర్ట్ (నేల, మట్టి, రాళ్ళతో ఆరుబయటే చేసే ఆర్ట్) ఆర్టిస్టుల పనులు పశ్చిమ బెర్లిన్ టీవీలో ప్రసారమయ్యాయి, మధ్యలో వివరించే వ్యాఖ్యానం ఏదీ లేకుండా. అమ్మడానికి వస్తువంటూ లేని ఆర్ట్ నేరుగా ఇళ్ళలోకే వెళ్ళాలన్నది ఆయన పట్టుదల. తమాషా ఏంటంటే 1971కల్లా ఆయనే డ్యూసెల్‌డార్ఫ్‌లో వీడియో టేపులమ్మే గ్యాలరీ తెరిచాడు. డబ్బులెక్కడినుంచి వస్తాయన్న ప్రశ్న అప్పుడూ ఉంది.

ఆ డబ్బుల దగ్గరికే వద్దాం. వీడియో ఆర్ట్ కొనేవాళ్ళు మామూలుగా కొనేది ఎడిషన్. మూడో ఐదో కాపీలని ముందే ప్రకటిస్తారు, కొన్నవాళ్ళకి పూర్తి నాణ్యత ఉన్న ఫైలు, ఎలా ప్రదర్శించాలో సూచనలు, మీ సంతకంతో సర్టిఫికెట్ ఇస్తారు. సర్టిఫికెట్ లేని ఫైలుకి మార్కెట్‌లో విలువ లేదు, కాబట్టి ఎవరో యూట్యూబ్ నుంచి డౌన్‌లోడ్ చేసుకున్నంత మాత్రాన మీ ఎడిషన్‌కి నష్టమేమీ లేదు. ఈ మాట గ్యాలరీ వాళ్ళు మనకి గట్టిగా చెప్పరు, "ఆన్‌లైన్‌లో ఉంటే కష్టమండీ" అని మాత్రం అంటారు. పెట్రా కోర్ట్‌రైట్ అనే అమెరికన్ ఆర్టిస్టు అయితే తన యూట్యూబ్ వీడియోల ధరని వ్యూస్ లెక్కన కట్టింది, ఎంతమంది చూస్తే అంత రేటు. ఫిల్మ్ ఫెస్టివల్స్ సంగతి వేరు. కొన్నిటికి ప్రీమియర్ షరతు ఉంటుంది, ముందే అందరికీ కనపడేలా పెడితే తీసుకోరు. అక్కడికి పంపే ఉద్దేశముంటే నియమాలు చదివి, అప్పటిదాకా విమియో అనే వీడియో సైట్‌లో పాస్‌వర్డ్ పెట్టిన లింకుతో నెట్టుకురండి.

ఆ పెట్రా కోర్ట్‌రైట్‌దే ఇంకో సంగతి. 2007లో వెబ్‌క్యామ్ ముందు కూర్చుని చేసిన ఒక చిన్న వీడియోకి సంబంధం లేని ట్యాగులు కుప్పలుగా తగిలించింది, పనిలో భాగంగానే. కొన్నేళ్ళకి యూట్యూబ్ దాన్ని తీసేసింది. వీడియోతోపాటు కింద జనం రాసిన కామెంట్లూ పోయాయి. కాబట్టి ప్లాట్‌ఫామ్‌ని బీరువా అనుకోవద్దు. అసలు ఫైలు రెండు డ్రైవుల్లో పెట్టి, రెండోది వేరే ఇంట్లో ఉంచండి. ముఖ్యమైన కామెంట్లు స్క్రీన్‌షాట్ తీసుకోండి. వెనకాల టీ కొట్టు రేడియోలో సినిమా పాట వినపడినా కంటెంట్ ఐడీ (కాపీరైట్ ఉన్న పాటల్ని గుర్తుపట్టే యూట్యూబ్ సిస్టమ్) పట్టేయొచ్చు, కాపీరైట్ క్లెయిమ్ రావొచ్చు, సౌండ్ ఒకసారి చూసుకోండి.

క్వాలిటీ గురించి: నీళ్ళ మీద అలలు, ఉప్పు మెరుపులు, పొగ, చీకటి, వీటిని కంప్రెషన్ (ఫైలు సైజు తగ్గించడానికి సైట్ వీడియోని కుదించడం) బాగా చెడగొడుతుంది. చీకట్లో మెట్లు మెట్లుగా పట్టీలు కనపడతాయి, సన్నటి మెరుపంతా ముద్దయిపోతుంది. 1080పీలో తీసినా సరే 4కేగా ఎక్స్‌పోర్ట్ చేసి పెడితే యూట్యూబ్ ఎక్కువ బిట్‌రేట్ (సెకనుకి ఎంత డేటా అన్న లెక్క) ఇస్తుంది, కాస్త నయం. ఆ లోపం పూర్తిగా పోదు.

అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించాల్సింది మీ ఫ్రేములో ఉన్న మనుషుల గురించి. ఉప్పు వీడియో అప్‌లోడ్ చేసేముందు మళ్ళీ అక్కడికి వెళ్ళి, ఇలా ఫోన్లలో వస్తుందని చెప్పాను. షూటింగప్పుడు నవ్వుతూ ఒప్పుకున్న ఒకావిడ ఈసారి చెక్క పక్కన పెట్టి, "హైదరాబాద్‌లో ఎవరు చూస్తే నాకేంటి బాబూ, మా అల్లుడి ఫోన్‌లో కూడా వస్తదా?" అని అడిగింది. వస్తుందన్నాను. వద్దంది. ఆన్‌లైన్ కాపీలో ఆవిడున్న షాట్లు లేవు, ఎడిషన్ కాపీలో ఉన్నాయి, దానికి ఆవిడ అభ్యంతరం చెప్పలేదు. నలుగురు చూసే గదికిచ్చిన అనుమతి, ఊరంతా చూసే ఫోన్‌కి చెల్లదు. మళ్ళీ అడగాల్సిందే.

ఇక మీ రెండు పనులు. యానిమేషన్ మూడు నిమిషాలే, తెర చిన్నదైనా దానికి పోయేదేమీ లేదు, ఫెస్టివల్‌కి పంపే ఆలోచన లేకపోతే ఈ వారమే పెట్టండి. సౌండ్ లేకుండా ఒకసారి మీరే ఫోన్‌లో చూసుకోండి, అర్థమైతే చాలు. ఇన్‌స్టాలో రీల్ దానంతటదే మళ్ళీ మొదలవుతుంది కాబట్టి చివరి ఫ్రేము మొదటి ఫ్రేముకి అతికేలా ఒక వెర్షన్ చేసుకుంటే ఇంకా మంచిది. రెండు గోడల ప్రొజెక్షన్‌ని మాత్రం పక్కపక్కన రెండు డబ్బాలుగా కుదించి పెట్టకండి, ఒక గోడ చూస్తుంటే రెండో గోడ వీపు వెనకుండటమే ఆ పనంతా అని మీరే రాశారు. దానికి గ్యాలరీయే కావాలని కూడా లేదు. ఏ ఫ్రెండ్ ఇంటి ఖాళీ గదిలోనో, కాలేజీ స్టూడియోలోనో ఒక రాత్రి రెండు ప్రొజెక్టర్లు అద్దెకు తెచ్చి వేసి, లోపల ఒక మనిషిని నిలబెట్టి, ఎటు తల తిప్పుతున్నారో తెలిసేలా ఒక్క నిమిషం రికార్డు చేసి అది పెట్టండి. డిస్క్రిప్షన్‌లో సంవత్సరం, నిడివి, ఎన్ని చానెళ్ళు (అంటే ఒకేసారి ఎన్ని వీడియోలు నడుస్తాయి), ఎన్ని ఎడిషన్లు, గదికి ఎంత స్థలం కావాలి, ఇవన్నీ రాయండి. గ్యాలరీలకి మెయిల్ పెట్టేటప్పుడు ఆ లింకే పంపండి, పది ఎంబీ పీడీఎఫ్‌లు ఎవరూ తెరవరు.