కొత్త చైను వేసినా జారుతోందా? పళ్ళను చూడండి

ప్రశ్న: మా ఏడు గేర్ల సైకిలు ఎత్తు ఎక్కుతుండగా చైను టక్కుమని జారిపోతోంది. కొత్త చైను వేయిస్తే సమస్య ఇంకా పెరిగింది. షాపులో గేరు కేబుల్ బిగించి పంపారు, ఫలితం లేదు. ఫోనుతో సరిచేసుకునే వైర్‌లెస్ గేర్ల సైకిలు కొంటే ఈ బాధ తప్పుతుందా?

జవాబు: చైను మార్చాకే జారడం ఎక్కువైందని రాసేవారు చాలామంది ఉన్నారు. చైను లింకుల మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా అర అంగుళం. వాడకంలో పిన్నులు అరిగి ఈ దూరం పెరుగుతుంది; సాగిన ఆ చైను కింద వెనుక చక్రం పళ్ళు కూడా అదే కొలతకు అరుగుతూ కొక్కేల్లా వంగుతాయి. పాత చైను ఆ పళ్ళకు అలవాటు పడి నెట్టుకొస్తుంది గానీ, సరైన కొలత గల కొత్త చైను వాటిలో కూర్చోలేక, బలంగా తొక్కిన మరుక్షణం పైకెక్కి జారుతుంది. మీరు ఎక్కువగా వాడే ఒకటి రెండు గేర్లలోనే ఇలా జరుగుతుంటే ఇక అనుమానం అక్కర్లేదు, ఫ్రీవీల్ (వెనుక చక్రానికి ఉండే పళ్ళ చక్రాల గుత్తి) మార్చాల్సిందే. పళ్ళను చూడకుండా చైను అమ్మి, తర్వాత కేబుల్ బిగించి పంపేయడం బాధ్యత గల మరమ్మతు కాదు.

అన్ని గేర్లలోనూ ఒకే లయలో జారుతుంటే లోపం వేరే చోట ఉంటుంది. పెడల్‌ను నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ చూస్తే, వెనుక చిన్న చక్రాల దగ్గర నిటారుగా సాగని బిగుసుకున్న లింకు ఒకటి కనిపిస్తుంది. దాన్ని పక్కలకు కొద్దిగా వంచి వదులు చేసి, నూనె వేస్తే సరిపోతుంది. సైకిలు కుడివైపు పడిన తర్వాతే ఇది మొదలైతే గేరు యంత్రాన్ని ఫ్రేముకు పట్టే హ్యాంగర్ వంగి ఉండవచ్చు. దాన్ని కొలిచే పరికరం ఉన్న మెకానిక్‌కే అప్పగించండి.

ఇకముందు చైనును కొలిచి మార్చండి. 24 లింకులు 12 అంగుళాలు ఉండాలి. పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు స్టీలు టేపు పెట్టి చూడండి. బడి పిల్లల స్కేలు దాదాపు అక్కడే ఆగిపోతుంది కనుక మిగులు తెలియదు. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను ఒక్కటే మార్చుకోవచ్చు. ఎనిమిదో వంతు దాకా ఆగితే పళ్ళు కూడా పాడైపోయి ఉంటాయి. ఈ కొలతను వాయిదా వేయకండి, ఎందుకంటే నిలబడి తొక్కుతున్నప్పుడు చైను జారితే కాలు ఒక్కసారిగా కిందికి పడి, శరీరం బరువంతా ఫ్రేము మీద కూలి, సైకిలు లారీల దారిలోకి వంకర తిరుగుతుంది.

వైర్‌లెస్ గేర్ల విషయానికొస్తే, అరిగిన పళ్ళను ఏ ఫోనూ బాగు చేయలేదు. పైగా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వాటి భద్రతే. షిమానో కంపెనీ వైర్‌లెస్ గేర్లలో గేరు మార్చే సంకేతాన్ని రికార్డు చేసి, దాదాపు 10 మీటర్ల దూరం నుంచి తిరిగి ప్రసారం చేసి, తొక్కుతున్నవారి ప్రమేయం లేకుండానే గేరు మార్చవచ్చని అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియెగో, నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2024లో నిరూపించారు. వచ్చింది కొత్త సంకేతమా, ముందు పంపినదాని నకలా అని తేల్చుకునే ఏర్పాటు ఆ గేర్లలో లేకపోవడమే కారణం. గ్యారేజీ తలుపుల రిమోట్లలో ఎప్పుడో బయటపడిన ఈ బలహీనతను ప్రాణాలను మోసే వాహనంలోకి తీసుకురావడం క్షమించరాని నిర్లక్ష్యమని నా అభిప్రాయం. తర్వాత సవరణ విడుదలైంది. అయితే అది ఫోను ద్వారా సైకిలులోకి చేరాలి, సైకిలుకు సాఫ్ట్‌వేర్ ఉంటుందనే ఆలోచనే చాలామందికి రాదు. అందుకే కొనేముందు ఆ అప్‌డేట్ ఎన్నేళ్ళు వస్తుందో, ఎలా వస్తుందో రాతపూర్వకంగా అడగండి. ప్రస్తుతానికి ఫ్రీవీల్ మార్పించుకుని, ఆ కొత్త చైనునే దాని మీద వాడుకోండి.