ఎన్‌బీఏ దాటి బయటికెళ్తే కెరీర్ అయిపోయినట్టేనా?

అడిగిన ప్రశ్న ఇది: అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో చోటు పోయాక చైనాకో యూరప్‌కో వెళ్లే అమెరికన్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు చివర్లో నాలుగు డబ్బులు వెనకేసుకోవడానికే వెళ్తారా, అక్కడ వాళ్లకి కెరీర్ అంటూ ఏమైనా ఉంటుందా?

డబ్బు కోసమే వెళ్తారు. అందులో దాపరికం ఏముంది? నేను బీజింగ్ వెళ్లింది కూడా జీతం కోసమే. కాకపోతే వెళ్లాక ఏం జరుగుతుందన్నది మనిషిని బట్టి ఉంటుంది. దానికి నేను దగ్గర్నుంచి చూసిన ఉదాహరణ, ఎన్‌బీఏ నుంచి చైనా వచ్చిన స్టెఫాన్ మార్బరీ.

క్రికెట్ తప్ప వేరే ఆట పట్టని నన్ను ఆఫీసులో పక్క సీటు కుర్రాడు ఒక చలికాలం సాయంత్రం వుకేసోంగ్ స్టేడియానికి లాక్కెళ్లాడు. మెట్రో లైన్ 1 దిగేసరికే బ్లాకు టికెట్ల వాళ్లు చుట్టుముట్టారు. లోపల జనమంతా 'మాబులీ, మాబులీ' (చైనీస్ నోట మార్బరీ పేరు) అని ఊగిపోతున్నారు. అవతలి జట్టుని తిట్టే తిట్లు కూడా అంతే జోరుగా పడుతున్నాయి. వాటి అర్థం చెప్పమంటే మావాడు నవ్వి ఊరుకున్నాడు. ఒక టైమవుట్‌లో కోచ్ మిన్ లూలెయ్ చైనీస్‌లో గబగబా చెబుతుంటే మార్బరీ దుబాసీ వైపు తిరక్కుండా బోర్డు మీద గీతలనే చూస్తూ కూర్చున్నాడు. లేచేటప్పుడు ఒక కుర్ర ఆటగాడి జెర్సీ పట్టుకుని ఆపి, ఎక్కడ నిలబడాలో కోర్టు మీద వేలుపెట్టి చూపించాడు. వయసు ముప్పై ఏడుకి వచ్చింది. పరుగు తగ్గింది. ఆట మాత్రం అతని చేతిలోనే నడిచింది.

ఈయన కథ అక్కడ సినిమా ఫక్కీలో చెబుతారు కానీ మొదలు అంత అందంగా ఏమీ లేదు. న్యూయార్క్ కోనీ ఐలాండ్ కుర్రాడు. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 1996లో నాలుగో స్థానంలో ఎంపికయ్యాడు, రెండుసార్లు ఆల్‌స్టార్. సొంత ఊరి జట్టు నిక్స్‌లోనే కోచ్‌లతో చెడింది, పేరూ పోయింది. 2009లో బోస్టన్‌తో ఎన్‌బీఏ ముగిసింది. 2010 జనవరిలో షాన్సీ రాష్ట్రం తైయువాన్‌లో దిగాడు. తైయువాన్ అంటే బొగ్గు గనుల ప్రాంతం, షాంఘై తళుకులేవీ ఉండవు. తన 'స్టార్‌బరీ' బూట్లని చైనాలో అమ్ముకోవాలన్న లెక్క కూడా ఉంది. అమెరికాలో వాటిని 15 డాలర్లకి అమ్మిన దుకాణాల సంస్థ 2008లోనే దివాలా తీసింది మరి. తర్వాతి సీజన్‌కి షాన్సీ జట్టు అతన్ని ఆటగాడిగా ఉంచుకోలేదు. ఫోషాన్ జట్టుకి వెళ్లాడు, అక్కడా ఒక్క సీజనే. ఇంత తిరిగాక మరొకరైతే సామాను సర్దుకుని ఇంటికెళ్లిపోయేవారు.

2011లో బీజింగ్ డక్స్ జట్టు తీసుకుంది. ఆ ఏడాదే అమెరికాలో జట్ల యజమానులకీ ఆటగాళ్లకీ ఒప్పందం కుదరక, లాకౌట్ వల్ల ఎన్‌బీఏ ఆగింది. జె.ఆర్. స్మిత్, కెన్యన్ మార్టిన్, విల్సన్ చాండ్లర్, ఆరన్ బ్రూక్స్ లాంటి ఎన్‌బీఏ ఆటగాళ్లు చైనా వచ్చారు. లాకౌట్ తీరగానే చెక్కేయకుండా సీజన్ మధ్యలో వదిలిపోయే వెసులుబాటు కాంట్రాక్టుల్లో ఉండకూడదని చైనా లీగ్ ముందే కట్టడి చేసింది. వాళ్లలో చాలామంది మనసు వెనక్కే ఉంది. మార్బరీకి వెనక్కి వెళ్లడానికి ఏమీ మిగల్లేదు. 2012 సెమీఫైనల్లో తనని వద్దనుకున్న షాన్సీనే ఓడించాడు. ఫైనల్లో ఎదురైంది గ్వాంగ్‌డాంగ్, అప్పటికి ఏళ్ల తరబడి లీగ్‌ని ఏలుతున్న జట్టు. 4-1తో గెలిచారు, చివరి మ్యాచ్‌లో మార్బరీవి 41 పాయింట్లు. బీజింగ్‌కి అదే మొదటి టైటిల్. తర్వాత 2014, 2015లో ఇంకో రెండు. ఊళ్లో విగ్రహం పెట్టారు, మ్యూజియం పెట్టారు, చివరికి చైనా శాశ్వత నివాస హక్కు కూడా ఇచ్చారు. ఆ హక్కు విదేశీయులకి దొరకడం ఎంత కష్టమో అక్కడ ఏటేటా వీసా రెన్యువల్ కోసం లైన్లో నిలబడిన మాలాంటివాళ్లకి తెలుస్తుంది.

పొగడ్తలో కొంత తగ్గించుకోవలసింది కూడా ఉంది. అప్పటి చైనా లీగ్‌లో సాధారణంగా జట్టుకి ఇద్దరే విదేశీయులు, నాలుగు క్వార్టర్ల మ్యాచ్‌లో ఇద్దరి ఆటా కలిపి ఆరు క్వార్టర్లకి మించి ఆడకూడదు. కాబట్టి ఆ ఉన్నంతసేపూ బంతి వాళ్ల చేతికే వెళ్తుంది. నాలుగు మ్యాచ్‌లు ఓడితే ముందు వేటు పడేదీ వాళ్ల మీదే. విమానం టికెట్ కొనిచ్చి ఇంకొకర్ని రప్పిస్తారు. మార్బరీ పక్కన 2.11 మీటర్ల రాండాల్ఫ్ మోరిస్ లేకపోతే ఆ టైటిళ్లు వచ్చేవా అని నా అనుమానం. 2014 ఫైనల్లో ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడు, మోరిసే. విగ్రహం మాత్రం అతనికి లేదు.

యూరప్‌లో తీరు వేరు. సాధారణంగా ఒక ఏడాది కాంట్రాక్టు, క్లబ్బే ఫ్లాటూ కారూ ఇస్తుంది, జీతం పన్నులు పోగా చేతికొచ్చే మొత్తంగా మాట్లాడుకుంటారు. చిన్న క్లబ్బుల్లో జీతాలు నెలల తరబడి ఆగిపోవడం మామూలే. అందుకే ప్రపంచ బాస్కెట్‌బాల్ సంఘం ఫిబా ఇలాంటి తగాదాల కోసం 2007లో ప్రత్యేకంగా ఒక ట్రిబ్యునల్ పెట్టింది. ఎన్‌బీఏకి వెనక్కి వెళ్లే దారి కూడా అటువైపు నుంచే ఎక్కువ. పి.జె. టక్కర్‌ని 2006లో తీసుకున్న ఎన్‌బీఏ జట్టు కొద్ది నెలల్లోనే వదిలేసింది. ఇజ్రాయెల్, ఉక్రెయిన్, గ్రీస్, ఇటలీ, జర్మనీ తిరిగి 2012లో ఫీనిక్స్‌లో మళ్లీ చోటు సంపాదించాడు, 2021లో మిల్వాకీతో ఎన్‌బీఏ ఛాంపియన్ అయ్యాడు.

ఆడవాళ్ల ఆటలో అయితే మీ ప్రశ్నే తిరగబడేది. రష్యాలో యెకాతెరిన్‌బుర్గ్ క్లబ్బు అప్పట్లో ఇచ్చిన జీతం అమెరికా లీగ్ జీతానికి ఎన్నో రెట్లు ఉండేది. 2015లో అమెరికన్ స్టార్ డయానా టౌరాసీ సొంత దేశంలో సీజన్ మొత్తం మానేసింది; విశ్రాంతి తీసుకొమ్మని ఆ రష్యా క్లబ్బే డబ్బిచ్చింది. అసలు ఉద్యోగం ఏది, పక్క పని ఏది అంటే ఏం చెబుతాం?

మార్బరీని 2017లో డక్స్ ఆటగాడిగా కొనసాగించలేదు. ఇంకా ఆడతానన్నాడు, అదే ఊళ్లో ఇంకో జట్టులో ఒక సీజన్ ఆడి 2018 ఫిబ్రవరిలో రిటైరయ్యాడు. మరుసటేడు తాను చివరగా ఆడిన ఆ రెండో జట్టుకే కోచ్‌గా చేరాడు.